ఆకాశంలో భయం, రోడ్డుమీద ధీమా

సొంతంగా చిన్న విమానం నడుపుకోవడం ఎక్కువ ప్రమాదమా, మోటారు సైకిలు నడపడం ఎక్కువ ప్రమాదమా? నలుగురు కూర్చున్న చోట ఈ ప్రశ్న వేసి చూడండి. విమానమే ప్రమాదమని చాలామంది తడుముకోకుండా చెబుతారు. పైనుంచి పడితే ఎముక కూడా దొరకదు, బండిమీదినుంచి పడితే మోకాలు దోక్కుపోతుంది, అంతే కదా అన్నది వారి తర్కం. వాహనాలన్నిటిలోకీ విమానమే క్షేమమని చదివినవారు మరికొందరు ఉంటారు. అయితే ఆ మాట వందలాది ప్రయాణికులను మోసుకుపోయే పెద్ద విమాన సర్వీసులకు వర్తించేది. ఒక్క ఇంజను, నాలుగు సీట్లు గల సొంత విమానం సంగతి వేరు.

ఈ తగవు తీర్చడానికి రెండింటికీ గణాంకాలు సేకరించే దేశం కావాలి. అందుకు అమెరికా అనువైనది. అక్కడ విమాన సర్వీసులు, అద్దె విమానాలు, సైనిక విమానాలు మినహా తక్కిన విమానయానంలో ఇటీవలి సంవత్సరాలలో లక్ష గంటలకు సుమారు ఒక ప్రాణాంతక ప్రమాదం సంభవిస్తున్నది. మోటారు సైకిళ్ళకు ఉన్నది మైళ్ళ లెక్క. 2022లో ఆ దేశంలో 6,218 మంది మోటారు సైకిలు ప్రమాదాలలో మరణించారు. అంటే 10 కోట్ల మైళ్ళకు సుమారు 26 మరణాలు. సగటు వేగం గంటకు 40 మైళ్ళు అనుకుంటే, 10 కోట్ల మైళ్ళు 25 లక్షల గంటల ప్రయాణమవుతుంది. కనుక ఇక్కడా లక్ష గంటలకు సుమారు ఒక మరణమే!

గంటల తూకంలో రెండు తక్కెడలూ ఇంచుమించు సమానంగా నిలిచాయి. ఒక విమానం కూలితే తరచు ఒకరికంటె ఎక్కువమంది మరణిస్తారు కాబట్టి అటువైపు కొంచెం మొగ్గు ఉన్నదనవచ్చు. దూరంతో కొలిస్తే మాత్రం ఫలితం తారుమారవుతుంది. గంటకు 120 మైళ్ళు పోయే విమానం లక్ష గంటలలో కోటి ఇరవై లక్షల మైళ్ళు తిరుగుతుంది. ఆ లెక్కన 10 కోట్ల మైళ్ళకు వచ్చేవి ఎనిమిదో తొమ్మిదో ప్రాణాంతక ప్రమాదాలు. విహారానికి బయలుదేరినవాడు గంటలు లెక్కించుకోవాలి. ఊరు చేరవలసినవాడు మైళ్ళు లెక్కించుకోవాలి.

అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నంత మాత్రాన ప్రమాదాల స్వభావం ఒకటి కాదు. చిన్న విమానాల ప్రమాదాలలో అత్యధిక భాగానికి మూలం వైమానికుని నిర్ణయమే. మబ్బులలోకి చొరబడడం, ఇంధనం చూసుకోకపోవడం, వేగం బొత్తిగా తగ్గనిచ్చి అదుపు తప్పడం ఇందులో ముఖ్యమైనవి. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు, పరికరాలను మాత్రమే చూస్తూ విమానం నడపడంలో అనుభవం లేని 20 మందికి బయటి దృశ్యం కనిపించకుండా చేసి పరీక్షించారు. ఇరవైమందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు! నేల, ఆకాశం కలిసే రేఖ కనిపించనప్పుడు మన చెవిలోని సమతుల్య జ్ఞానం మనలను మోసగిస్తుంది. 1999 జూలైలో అమెరికా మాజీ అధ్యక్షుని కుమారుడు జాన్ కెన్నెడీ జూనియర్ నడిపిన విమానం రాత్రివేళ మసక వాతావరణంలో సముద్రంలో కూలింది. విచారణలో తేలిన కారణం ఇటువంటి దిశాభ్రమే.

మోటారు సైకిలు కథ దీనికి భిన్నమని రుజువు చేసినవాడు ఒక వైమానికుడే కావడం విశేషం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ అమెరికా నౌకాదళ వైమానికుల కోసం వాయుగతిశాస్త్ర గ్రంథం రచించిన వ్యక్తి. ఆయన బృందం లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్థలానికే వెళ్ళి పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించింది. వాటిలో నాలుగింట మూడు వంతులు మరో వాహనంతో ఢీకొన్నవి. అలా ఢీకొన్న వాటిలో మూడింట రెండు వంతులలో తప్పు ఎదుటి వాహనానిది. ప్రమాదాలలో చిక్కుకున్న చోదకులలో 92 శాతం మంది తమంతట తామో, ఇంటివారి వద్దో, స్నేహితుల వద్దో నేర్చుకున్నవారు. ప్రాణాలు పోయిన ప్రమాదాలలో దాదాపు సగానికి మద్యంతో సంబంధం ఉన్నది. ఢీకొన్న క్షణంలో ఉన్న వేగం సగానికి సగం ప్రమాదాలలో గంటకు 22 మైళ్ళలోపే! పైగా ఇవి ఎక్కువగా దగ్గరి పనులకు బయలుదేరిన కొద్దిసేపటికే జరిగినవి. "ఇక్కడికే కదా" అన్న మాట ఎంత మోసకరమో దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశానికి వస్తే, కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్టు ధరించక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక సీటులో కూర్చున్నవారు. హెల్మెట్టు వల్ల మరణావకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన వైద్య పరిశోధకులు 2008లో నిర్ధారించారు.

మన దేశంలో సొంత విమానం నడపడానికి లైసెన్సు కావాలంటే కనీసం 40 గంటలు ఎగరాలి. వైద్య పరీక్షలో, రాత పరీక్షలలో నెగ్గాలి. బయలుదేరే ముందు వైమానికుడు విమానం చుట్టూ తిరిగి, జాబితా ప్రకారం ఒక్కొక్కటీ సరిచూసుకుంటాడు. ఆ జాబితా పుట్టుక కూడా ఒక విషాదమే. 1935 అక్టోబరులో రైట్ ఫీల్డు వద్ద బోయింగ్ కంపెనీ కొత్త బాంబరు విమానం నేల విడిచిన వెంటనే కూలిపోయింది. యంత్రంలో లోపమేమీ లేదు. చుక్కానులను కదలకుండా బిగించిన గడియను తీయడం ఆరితేరిన వైమానికులు మరచిపోయారు. జ్ఞాపకశక్తిని నమ్ముకోరాదని, కాగితాన్ని నమ్ముకోవాలని విమానయానం ఆనాడు నేర్చుకున్నది.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా గంటల లెక్కన చిన్న విమానం మోటారు సైకిలుకు సరితూగుతున్నదే తప్ప మించి క్షేమం కాలేకపోయింది. అటువంటప్పుడు ఏ జాగ్రత్తా లేకుండా బండెక్కడాన్ని ఏమనాలి? ఎదుటివాని తప్పు మన చేతిలో లేదు. టైర్లలో గాలి, బ్రేకులు, దీపాలు, హెల్మెట్టు పట్టీ, మద్యం తాగని, నిద్రలేమి లేని శరీరం మన చేతిలోనివే. వీటిని సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. వెనుక సీటులో కూర్చునేవారికీ ఒక మాట. మత్తులో ఉన్న వైమానికుని పక్కన కూర్చుని ఎగరడానికి మీరు ఒప్పుకోరు కదా! మత్తులో ఉన్నవాడు బండిమీదినుంచి "ఎక్కు, పోదాం" అన్నప్పుడు కూడా అదే సమాధానం చెప్పండి.