తీసుకున్నదెంత? ఇచ్చిందెంత?

టొరెంట్ల గురించి మన వేదికలో రాయడం ఏమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. కానీ ఉమ్మడి సొత్తులోంచి ఎవరు ఎంత తీసుకోవాలి, తిరిగి ఎంత ఇవ్వాలి, ఆ లెక్క ఎవరు రాయాలి అన్నదే కదా రాజకీయమంటే! ఈ ప్రశ్నను అంకెల్లో పెట్టి, ప్రతి సభ్యుడి పేరు పక్కన రాసి పెట్టిన చోటు ఒకటి ఉంది. అదే ప్రైవేటు టొరెంట్ సైటు. ఆ అంకె పేరు షేర్ రేషియో.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీరు ఇతరులకు పంపింది ఎంతో, మీరు దించుకున్నది ఎంతో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే రేషియో. 10 జీబీ దించుకుని 10 జీబీ పంపితే 1. ఐదే పంపితే 0.5. సైటు పెట్టిన హద్దు కన్నా కిందికి పడితే ముందు హెచ్చరిక వస్తుంది, తర్వాత డౌన్‌లోడ్ బంద్ అవుతుంది, చివరికి సభ్యత్వమే పోతుంది. ఎవరికి పడితే వాళ్ళకు తెరిచి ఉన్న సైట్లలో జనం కావలసింది దించుకుని మాయమైపోతారు. అందుకే నెల తిరక్కుండానే చాలా ఫైళ్ళు చచ్చిపోతాయి. ఆ జబ్బుకి మందుగా పుట్టిందే ఈ రూలు. దీని ఉద్దేశంతో నాకు పేచీ లేదు. తిన్న ఇంటికి ఎంతో కొంత చెయ్యాలన్నది మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కరలేదు.

నా పేచీ అంతా లెక్క కట్టే పద్ధతితోనే.

ముందు కూడికల సంగతి చూద్దాం. వందమంది ఉన్న సైటులో ఒకరు 1 జీబీ ఫైలు పెట్టారనుకోండి. మిగతా 99 మంది దించుకున్నారు. మొత్తం దించుకున్నది 99 జీబీ, కాబట్టి మొత్తం పంపింది కూడా 99 జీబీయే. అందులో పెట్టినాయనే 10 జీబీ పంపితే, మిగతా 99 మంది మధ్య మిగిలేది 89 జీబీ. అంటే వాళ్ళ సగటు రేషియో 0.9. వాళ్ళు రాత్రీ పగలూ కంప్యూటర్ ఆన్ చేసి పెట్టినా సరే, అందరూ 1 దాటడం అసాధ్యం! ఒకరి రేషియో 10 అయిందంటే ఇంకెవరో 1 కన్నా కింద ఉన్నారనే అర్థం. డేటా సెంటర్‌లో నెల అద్దెకు సర్వర్ తీసుకుని, కొత్త ఫైలు రాగానే ముందు తానే అందుకుని అందరికీ పంచేవాడు తూము పక్కన పొలం ఉన్న ఆసామి లాంటివాడు. చెరువు నిండినా ఎండినా ఆయన మడి తడుస్తుంది. ఇంట్లో మామూలు కనెక్షన్‌తో కూర్చున్నవాడు చివరి ఆయకట్టు రైతు. అతని వంతు వచ్చేసరికి కాలువలో నీళ్ళుండవు, అడిగేవాళ్ళూ ఉండరు. అతనికి ఇవ్వాలని లేక కాదు, తీసుకునేవాడు లేక రేషియో పడిపోతుంది.

ఇక రెండోది మన ఇంటికి వచ్చే వైరు. అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్ మొదటి నుంచీ ఒంటిచేతి వాటమే. పాత కేబుల్ వ్యవస్థలో ఇంటి నుండి బయటికి వెళ్ళే దారికి అడుగున చిన్న పౌనఃపున్య భాగం వదిలి, మిగతాదంతా టీవీకి, డౌన్‌లోడ్‌కి ఇచ్చేశారు. 2000ల మధ్యలో కొన్ని కేబుల్ ప్లాన్లలో కిందికి 6 మెగాబిట్లు ఉంటే పైకి 384 కిలోబిట్లే ఉండేవి. 700 ఎంబీ ఫైలు దించుకోవడానికి పావుగంట, అదే ఫైలు ఒక్కసారి తిరిగి ఇవ్వడానికి నాలుగు గంటలు! నేను ఎమ్మెస్ చదివేటప్పుడు నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకే కనెక్షన్ పంచుకునేవాళ్ళం. అందులో ఎవరైనా ఇంటికి వీడియో కాల్ చేస్తే సీడింగ్ ఆపాల్సిందే. మరి ఆ నలుగురూ పిసినారులా?

ప్రభుత్వ నిర్వచనమే చూడండి. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఎంత వేగం ఉండాలో చెప్పేది ఎఫ్‌సీసీ. 2015లో ఆ హద్దు కిందికి 25, పైకి 3 మెగాబిట్లు. 2024 మార్చిలో దాన్ని 100, 20కి పెంచారు. అంటే పౌరుడు ఐదు తీసుకుని ఒకటి ఇస్తే చాలునని సర్కారు వారే అనుకుంటున్నారు. చాలా ప్రైవేటు సైట్లు 0.2 రేషియో ఉన్న సభ్యుడిని తరిమేస్తాయి. కానీ దేశం మొత్తాన్ని ఆ అంకె మీదే కట్టారు. మనల్ని వినియోగదారులుగా చూశారు తప్ప, పంచగలిగినవాళ్ళుగా ఎప్పుడూ చూడలేదు.

పైగా ఇచ్చేవాడినే పట్టుకుని ఆపిన చరిత్ర కూడా ఉంది. 2007లో కామ్‌కాస్ట్ తన చందాదారుల బిట్‌టొరెంట్ అప్‌లోడ్‌లను దొంగ సంకేతాలతో మధ్యలో తెంపేస్తున్నట్లు బయటపడింది. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళు కాపీరైటు గొడవే లేని కింగ్ జేమ్స్ బైబిల్‌ని పంచి చూస్తే దానికీ అదే గతి పట్టింది. 2008 ఆగస్టులో ఎఫ్‌సీసీ ఆ పద్ధతి తప్పని ఆదేశమిచ్చింది. 2010 ఏప్రిల్‌లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు ఆ అధికారం మీకు లేదని దాన్ని కొట్టేసింది. 2015లో నెట్ న్యూట్రాలిటీ నియమాలు వచ్చాయి, 2017లో పోయాయి, 2024లో మళ్ళీ వచ్చాయి, 2025 జనవరిలో ఇంకో కోర్టు కొట్టేసింది. ఇది మన ఓటుకి సంబంధించిన సంగతి కాదని ఎవరైనా అనగలరా?

ఈ విషయంలో బిట్‌టొరెంట్‌ని రాసినవాళ్ళే మెరుగు. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన ఆ ప్రోటోకాల్ ప్రధానంగా ఇచ్చిపుచ్చుకోవడం మీదే నడుస్తుంది. నాకు ఇచ్చేవాడికే నేనిస్తాను. కానీ దాంట్లో ఒక చిన్న దయ కూడా ఉంది. సుమారు ప్రతి 30 సెకన్లకొకసారి, ఏమీ ఇవ్వని పీర్‌కి కూడా లాటరీ తీసినట్లు ఒక అవకాశం ఇస్తుంది. ఎందుకంటే కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికి ఏ ముక్కా ఉండదు. మొదటి ముక్క ఎవరో ఒకరు ఉచితంగా పెడితేనే రేపు వాడూ ఇచ్చేవాడవుతాడు. మనం అమెరికాలో దిగిన మొదటి వారం ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చినవాళ్ళూ, తమ ఇంట్లో పరుపు వేసినవాళ్ళూ చేసింది ఇదే కదా! వాళ్ళెవరూ మన రేషియో అడగలేదు.

కాబట్టి ఆరోగ్యకరమైన రేషియో అంటే నా దృష్టిలో పెద్ద అంకె కాదు. ఎంతసేపు నిలబడ్డావు, ఎవరూ నిలబడని చోట నిలబడ్డావా అన్నది ముఖ్యం. సీడింగ్ చేసిన గంటలకు బోనస్ ఇచ్చే సైట్లు సరైన దారిలో ఉన్నాయి. మిగతావీ ఆ దారికి రావాలి. అంతవరకూ సామాన్య సభ్యుడు చెయ్యగలిగినవి ఇవి:

1. అప్‌లోడ్ వేగాన్ని మీ లైను సామర్థ్యంలో 80 శాతం దగ్గర కట్టడి చెయ్యండి. మొత్తం వదిలేస్తే డౌన్‌లోడ్ కోసం పంపాల్సిన అందుకున్న కబుర్లు కూడా ఇరుక్కుని రెండూ కుంటుపడతాయి.

2. రౌటర్‌లో మీ క్లయింటు పోర్టు తెరిచి ఉంచండి. తలుపు మూసుకుని భోజనానికి పిలిస్తే ఎవరొస్తారు?

3. రేషియో లెక్కలోకి రాని ఫ్రీలీచ్ ఫైళ్ళతో మొదలుపెట్టండి. దించుకున్నది లెక్కకు రాదు, పంపింది వస్తుంది.

4. దించుకోగానే తీసెయ్యకండి. చిన్న ఫైళ్ళు ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ రోజులు ఉంచండి.

5. దొంగ లెక్కలు వద్దు. ఎంత పంపామన్నది మన క్లయింటే సైటుకి చెప్తుంది. ఆ అంకెను మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, పట్టుకునే పద్ధతులూ ఉన్నాయి. అయినా నమ్మకం మీద నడిచే చోట దొంగ తూకం వెయ్యడం అన్నింటికన్నా నీచం.

ఇక చట్టం సంగతి దాటవేయలేను. ప్రైవేటు సైటు అంటే రక్షణ ఉందనుకోవడం భ్రమ. 2005 మేలో ఎలైట్‌టొరెంట్స్‌ని ఎఫ్‌బీఐ మూసేసింది, దాన్ని నడిపినవాళ్ళలో కొందరు జైలుకి వెళ్ళారు. 2007 అక్టోబరులో ఓయింక్, 2016 నవంబరులో వాట్.సీడీ మూతపడ్డాయి. సభ్యులు ఏళ్ళ తరబడి కూడబెట్టిన రేషియోలన్నీ ఒక్క రోజులో సున్నా. ముఖ్యంగా వీసాల మీద ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్తున్నాను. నిన్న విడుదలైన సినిమా కోసం ఈ తలనొప్పి వద్దు. ఆ సినిమా తీసినవాళ్ళ కష్టానికీ ఒక రేషియో ఉంది, టిక్కెట్టు కొని చూడండి.

మరి ఈ క్రమశిక్షణంతా ఎక్కడ పెట్టాలి? మన పుస్తకాల మీద. మన తెలుగువాడు రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ నుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ సైటు తర్వాత అందుబాటులో లేకుండా పోయింది. కార్ల్ మలముద్ లాంటి వాళ్ళు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి మనకు మిగిలాయి. 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీదే సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు మూతపడింది. ఒకే గాదెలో ధాన్యమంతా పోస్తే ఏమవుతుందో అప్పుడు అర్థమైంది.

2012 నుండి ఆర్కైవ్ తన ఫైళ్ళకు టొరెంట్లు కూడా ఇస్తోంది. ప్రచురించి 95 ఏళ్ళు దాటిన పుస్తకాలకు అమెరికాలో కాపీరైటు అడ్డు లేదు. 1909 నాటి 'కన్యాశుల్కం' రెండో కూర్పు లాంటివి ఎవరైనా నిర్భయంగా పంచుకోవచ్చు. మన వేదిక సభ్యులు తలా పది పాత పుస్తకాలు ఎంచుకుని, పాత లాప్‌టాప్‌లో పెట్టి, ఏడాది పాటు సీడ్ చెయ్యాలని నా ప్రతిపాదన. ఎవరు ఏ పది తీసుకున్నారో ఒక జాబితా రాసుకుందాం, ఇద్దరూ ఒకటే తీసుకోకుండా.

ఆ ఏడాదిలో మీ పుస్తకం కోసం ఒక్కరే రావచ్చు, అసలు ఎవరూ రాకపోవచ్చు. మీ రేషియో 0.01 దగ్గరే ఆగిపోవచ్చు. ఫర్వాలేదు. ఆ ఒక్కరు వచ్చిన రోజున ఫైలు బతికి ఉండటమే లెక్క.