మన ఇంటి ఎదుట



1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు భయము పుట్టగా లక్షలాది జనులు ఊరు విడిచి పారిపోయిరి. మరమగ్గాల పనికి వెళ్లిన మన తెలుగువారెందరో నివసించే పట్టణమది. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు అధికారులను ప్రతిదినము వీధులలోనికి పంపిరి. రాత్రివేళ రోడ్లు ఊడ్పించిరి, హోటళ్లు తనిఖీ చేయించిరి, మురికివాడలకు నీళ్లు, మరుగుదొడ్లు అమర్చిరి. రెండేళ్లలోనే, జనులు భయపడి విడిచిన ఊరు పరిశుభ్రతకు పేరు పొందెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి ప్రథమ స్థానము పొందినది.

పట్టణానికి మునిసిపాలిటీ ఎట్లో, మన పల్లెకు పంచాయతీ అట్లే. నెహెమ్యా కాలములో యాజకులు సహితము ఎవరి ఇంటికి ఎదురుగా వారు గోడ బాగుచేసిరి (నెహెమ్యా 3:28). సర్పంచి కొరకు ప్రార్థించుదము. ఇంటిపన్ను కట్టుదము. గుమ్మము ముందరి కాలువలో చెత్త వేయక, ఉన్నది మనమే తీయుదము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.