చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

"డాక్టరుగారూ, పిల్లవాడికి తెల్లవారుజాము నుంచీ నీళ్ల విరేచనాలు. నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని పాలూ నీళ్లూ అన్నీ మానిపించామండీ!"

ఆసుపత్రిలో ఈ మాట పాతికేళ్లుగా వింటున్నాను. చదువు లేనివారే ఇలా చేస్తారనుకోకండి. మొన్న ఒక బామ్మగారు ఇలా చెబుతూంటే పక్కనే డిగ్రీ చదివిన కోడలు తలూపుతూ నిలబడింది. పిల్లవాడి కళ్లు గుంటలు పడ్డాయి. నాలుక పిడచకట్టింది. మంచినీళ్ల గ్లాసు కనబడగానే చెయ్యి చాచాడు పాపం!

విరేచనాల్లో ప్రాణం తీసేది ముఖ్యంగా ఒంట్లోంచి నీరూ, లవణాలూ పోవడమే. మరి పేగు పాడైనప్పుడు తాగించిన నీరు ఒంటబడుతుందా? ఇక్కడే ఒక విచిత్రం ఉంది. పేగు గోడలో ఉప్పుకూ గ్లూకోజుకూ ఉమ్మడి ద్వారం ఒకటుంది. రెండూ జోడుగా వస్తే లోపలికి పోతాయి, వాటి వెంట నీరూ పోతుంది. కలరాలో సైతం ఆ ద్వారం మూతపడదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చిపడ్డారు. సరిహద్దులోని బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. ఆసుపత్రిలో రోగులు నేలమీదే పడి ఉన్నారు. సెలైను సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ తెగించి గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపించి, డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది వరకూ పోతున్న చోట మరణాలు నూటికి 4 లోపుకు దిగాయి! 1978లో లాన్సెట్ పత్రిక దీన్ని ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ఆవిష్కరణ కావచ్చునని రాసింది. ఆయనకు పద్మవిభూషణ్ మాత్రం కన్నుమూశాక, 2023లో వచ్చింది.

ఇంకో వింత వినండి. 1980 నుంచి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మహిళా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం నేర్పారు. సుమారు 1 కోటీ 20 లక్షల ఇళ్లకు వెళ్లారు. తర్వాత తనిఖీవాళ్లు వెళ్లి, తల్లికి ఎంత గుర్తుందో చూసి, దాన్నిబట్టే కార్యకర్తకు డబ్బు ఇచ్చేవారు. మా డాక్టర్లకూ ఈ పద్ధతి పెడితే నిండు జీతం ఎందరికి అందేదో!

మనకిప్పుడు ఓ.ఆర్.యస్. పొట్లాలు ఉన్నాయి. పొట్లం మీద రాసినన్ని నీళ్లే పోయండి. తక్కువ పోస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు దీనికి సాటి రావు, సరికదా విరేచనాలను పెంచవచ్చు. పొట్లం దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలు తలగొట్టి కొలవాలి. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి మళ్లీ కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు మానవద్దు. జింకు మాత్రలు డాక్టరు చెప్పినట్లు 14 రోజులు వెయ్యండి. రక్తం పడినా, పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మూత్రం ఆగిపోయినా ఆసుపత్రికి రావలసిందే.

బామ్మగారి మనవడికి సెలైను పెట్టలేదు. తల్లి నాలుగు గంటలు కూర్చుని చెంచాతో పట్టింది. సాయంత్రానికి మూత్రం పోసి, బిస్కట్టు కోసం ఏడ్చాడు.

"అయితే సూదిమందు ఏమీ లేదా నాయనా?" అని అడిగింది బామ్మగారు, కాస్త అసంతృప్తిగానే.