వంశము నిలుపు పొత్తు
1956 డిసెంబరు 22వ తేదీన అమెరికాలోని కొలంబస్ జంతుప్రదర్శనశాలలో, తల్లి చేరదీయక ఉమ్మనీటి పొరతోనే నేలపై విడిచిన గొరిల్లా పసికూనను గాంచి, పొర చీల్చి, నోట నోరుంచి ఊపిరులూది బ్రదికించిన యొక పశువైద్య విద్యార్థి చేతి చలువవలననే, మానవ సంరక్షణలో జన్మించిన ప్రథమ గొరిల్లాయైన కోలో అరువదేండ్లు జీవించి, తల్లియై, అవ్వయై, 2017లో కన్నుమూసెను. ఆ కాలమున జంతుశాలలు ఆఫ్రికా అడవులలో పెద్దలను జంపి పట్టిన పిల్లలనే తెచ్చుకొనుచుండెడివి, తలచుకొన్న నేటికిని మనసు కలగును. ఇప్పుడో, ఐరోపా జంతుశాలలు ఉమ్మడిగా వంశావళి గ్రంథము నుంచుకొని, ఏ మగదానిని ఏ కుటుంబమునకు పంపినచో రక్తసంబంధము దగ్గరపడక సంతతి దృఢమగునో విచారించి, వెల గట్టకయే యొకదానికొకటి పంపుకొనుచున్నవి. మన పొరుగున మైసూరులో పోలో యను గొరిల్లా తోడు లేక ఏండ్ల తరబడి ఒంటిగా బ్రదికి 2014లో మరణించినది; 2021లో జర్మనీనుండి థాబో, డెంబా యను రెండు మగ గొరిల్లాలు కలిసి యచటికి వచ్చుట ఇట్టి పొత్తు ఫలమే. నాలుగైదేండ్లకొక కాన్పు మాత్రమే యెరిగిన జాతికి వేటగాని తుపాకియు ఎబోలా మహమ్మారియు చేసిన నష్టము తనంతట పూడునది కాదు. బోను బోనే యను ఆక్షేపణలో సత్యమున్నది. కాని అడవిని గాచుటతో జోడించిన ఇట్టి సంతతి పెంపకమును త్రోసిపుచ్చుట నాకు సమ్మతము కాదు. చదువరులారా, జంతుశాలకు పోయినప్పుడు, మీ టిక్కెట్టు సొమ్ములో ఎంత భాగము వన్యమృగముల యడవులను గాచువారికి చేరుచున్నదో యచటి యధికారులను తప్పక యడుగుడు.