చీటీ ఊడిన సీసా



నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని అడిగితే మీలో ఎవరైనా సరే తడుముకోకుండా "నూరు" అంటారు. నేనూ ఏళ్ళ తరబడి పిల్లల చేత అదే చెప్పించాను. ఆ జవాబు తప్పు కాదు. కాని అది సగం జవాబే. తక్కిన సగం నాకు నేర్పినది తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి.

అది 1988వ సంవత్సరం. అప్పటికి నేనింకా ప్రధానోపాధ్యాయుణ్ణి కాను. సముద్రపు ఒడ్డున ఉన్న ఊరినుంచి అరకులోయలోని ఒక పాఠశాలకు సైన్సు మాస్టరుగా బదిలీ అయి వెళ్ళాను. అక్కడి ప్రయోగశాల బీరువాలో ఒక సీసా కనిపించింది. కొండల మీది చెమ్మకు దాని చీటీ ఎప్పుడో ఊడిపోయింది. లోపల నీళ్ళలాగా తేటగా ఉన్న ద్రవం. స్టాకు పుస్తకం తిరగవేస్తే, అలాటి ద్రవాలు మొత్తం నాలుగు కొన్నట్టు వ్రాసి ఉంది: ఎసిటోను, మిథైల్ ఆల్కహాలు, కార్బన్ టెట్రాక్లోరైడు, ఇథైల్ ఆల్కహాలు. సారాదీపంలో పోసే స్పిరిటు ఈ చివరిది.

ఈ సీసాలో ఉన్నది ఏది? ఇది తమాషా ప్రశ్న కాదు సుమా. మిథైల్ ఆల్కహాలు చూడటానికి స్పిరిటులాగే ఉంటుంది, వాసనా ఇంచుమించు అంతే. కాని కొంచెం కడుపులోకి పోయినా కళ్ళు పోతాయి, ప్రాణమే పోవచ్చు. అందుకే పేరు తెలియని ద్రవాన్ని ఎవరూ రుచి చూడరాదు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చరాదు. మరి పోల్చటం ఎలా? శుద్ధమైన ప్రతి ద్రవానికీ దాని మరుగు స్థానం దానికుంటుంది. పుస్తకాల పట్టికలో ఎసిటోనుకు 56, మిథైల్ ఆల్కహాలుకు 65, కార్బన్ టెట్రాక్లోరైడుకు 77, ఇథైల్ ఆల్కహాలుకు 78 డిగ్రీలు. ఆ పట్టికను పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు తగిలించాను. ఎంత తెలివితక్కువ పని చేశానో తరవాత మీకే తెలుస్తుంది.

సీసాడు ద్రవాన్ని మరిగించనక్కరలేదు. నాలుగు చుక్కలు చాలు. చిటికెన వేలంత పొడవుండే సన్నని గాజుగొట్టంలో ఆ చుక్కలు వేయాలి. వెంట్రుకంత సన్నని రంధ్రం గల మరొక గొట్టం, అంటే కేశనాళిక, తీసుకుని ఒక కొనను మంటలో కరిగించి మూసివేయాలి. దాన్ని తలకిందులుగా, తెరిచి ఉన్న కొన చుక్కల్లో మునిగేటట్టు నిలబెట్టాలి. ఇప్పుడు ఈ గొట్టాన్ని దారంతో ఉష్ణమాపకానికి కట్టి, పారఫిన్ నూనె పోసిన బీకరులోకి దించి, నూనెను మెల్లగా కలుపుతూ వేడి చేయాలి. తొందర పనికిరాదు.

వేడెక్కేకొద్దీ కేశనాళికలోని గాలి వ్యాకోచించి ఒక్కొక్క బుడగగా బయటికి వస్తుంది. మరికొంత సేపటికి బుడగలు పూసల దండలాగా ఎడతెగకుండా వస్తాయి. అప్పుడు మంట తీసివేయాలి. నూనె చల్లారేకొద్దీ బుడగలు నెమ్మదిస్తాయి, ఆగుతాయి. ఆగి, ద్రవం కేశనాళికలోకి ఎగబాకబోయే క్షణం ఒకటుంటుంది చూడండి, అదే అసలు క్షణం! లోపలి ఆవిరి బయటికి తోసే బలమూ, బయటి గాలి లోపలికి నొక్కే బలమూ అప్పుడు సరిసమానం. ఆ క్షణాన ఉష్ణమాపకం చూపే అంకె ఏదో అదే మరుగు స్థానం. రెప్ప వేశారో, పోయింది! మళ్ళీ మొదటినుంచీ చేయవలసిందే.

ఏడుగురు పిల్లలు ఈ ప్రయోగం చేశారు. ఆరుగురు 78 అని వ్రాశారు. ఆ అమ్మాయి మాత్రం 75½ అని వ్రాసింది. మూడుసార్లు చేసిందట, మూడుసార్లూ అంతే వచ్చిందట. నేను ఎర్రసిరా కలంతో ఆ అంకె కొట్టివేసి, పైన 78 వేసి, "జాగ్రత్తగా చూడవలెను" అని వ్రాశాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. మరునాడు బడి వదిలాక వచ్చి, "మాస్టారూ, ఒక్కసారి నీళ్ళు కూడా చూద్దామండీ" అంది.

"నీళ్ళలో చూసేదేముందమ్మా? నూరు గదా?" అన్నాను.

"చూద్దామండీ" అని మళ్ళీ అంది.

సరేనని కూజాలో నీళ్ళు పోసి, రెండు రంధ్రాల బిరడా బిగించాము. ఒక రంధ్రంలో ఉష్ణమాపకం. రెండో దాంట్లో ఆవిరి పోవటానికి వంపుగొట్టం. అది మూసుకుంటే కూజా పేలుతుంది. ఉష్ణమాపకం గుండు నీళ్ళకు తగలకుండా ఆవిరిలోనే ఉండాలి. నీళ్ళలో ఉప్పో సున్నమో కరిగి ఉంటే వాటి వేడి కాస్త హెచ్చుగా చూపవచ్చు, ఆవిరికి ఆ బెడద లేదు. నీళ్ళు తెర్లాయి. పాదరసం 97 దగ్గరికి వచ్చి నిలిచిపోయింది! మంట పెంచాను. కదలలేదు. ఉష్ణమాపకం చెడిపోయిందనుకుని బీరువాలోని కొత్తది తెచ్చాను. అదీ 97 దగ్గరే ఆగింది.

నాకు చెమట పట్టింది. కారణం నాకు తెలియనిదా? నేనే పాఠం చెప్పాను! ప్రతి ద్రవం నుంచీ ఆవిరి పైకి తోస్తూంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ తోపుడు పెరుగుతుంది. పైనున్న గాలి ఒత్తిడితో అది సమానం కాగానే ద్రవం మరుగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ పైన ఉండే గాలి తక్కువ, ఒత్తిడి తక్కువ. కనుక ముందుగానే మరుగుతుంది. పట్టికలోని అంకెలన్నీ 760 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడికి వేసినవి, అంటే సముద్రమట్టపు అంకెలు. మా దగ్గర బారోమీటరు లేదు. ఆ రోజు నీళ్ళే మాకు బారోమీటరు. సుమారు 300 మీటర్ల ఎత్తుకు నీటి మరుగు స్థానం ఒక డిగ్రీ దిగుతుంది. మూడు డిగ్రీలు దిగిందంటే మేమున్నది 900 మీటర్ల ఎత్తున! ఆ అమ్మాయి మరునాడు పొద్దున్నే రైలు స్టేషనుకు వెళ్ళి, పేరు వ్రాసిన పలక మీద సముద్రమట్టం నుంచి ఎత్తు చూసి వచ్చింది. 900 పైచిలుకే. మీ ఊరి స్టేషనులోనూ ఆ అంకె ఉంటుంది. ఈసారి రైలెక్కేటప్పుడు చూసి, మీ ఊళ్ళో నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరగాలో మీరే లెక్క వేయండి.

ఇందులో పొరపడినది నేనొక్కణ్ణే కాదులెండి. 1835లో చార్లెస్ డార్విన్ ఆండీస్ పర్వతాలు దాటుతూండగా, రాత్రంతా నిప్పుమీద ఉంచిన బంగాళాదుంపలు తెల్లవారినా ఉడకలేదు. ఆయన వెంట ఉన్నవారు కుండ కొత్తది, దానికే ఉడికించటం ఇష్టం లేదని తేల్చారు. అరకు వెళ్ళిన కొత్తలో మా ఇంట్లోనూ పప్పు ఆలస్యంగా ఉడుకుతూంటే కొట్టువాడు పాత కందిపప్పు అంటగట్టాడని అనుకున్నాము. పాపం, వాడి తప్పేమీ లేదు! స్వీడన్ దేశపు సెల్సియస్ 1742లో డిగ్రీల కొలత ఏర్పరచినప్పుడే, నీటి మరుగు స్థానం గాలి ఒత్తిడిని బట్టి మారుతుందని వ్రాశాడు. ఇన్ని తెలిసి కూడా, ఎదుట ఉన్న ఉష్ణమాపకాన్ని వదిలి గోడమీది పట్టికను నమ్మాను.

ఇక ఆ ఆరుగురి సంగతి. పిలిచి అడిగితే తలలు వంచుకున్నారు. సారాదీపం వాసనగా ఉంటే స్పిరిటు అనుకుని, గోడమీది అంకె చూసి వ్రాశారట. వాళ్ళను ఏమని కోప్పడను? పట్టిక తగిలించినది నేనే గదా!

ఇప్పుడు సీసా సంగతి తేల్చాలి. మిథైల్ ఆల్కహాలు అయితే మా ఎత్తున 62 దగ్గరే మరగాలి, ఎసిటోను అంతకంటె ముందే. కార్బన్ టెట్రాక్లోరైడు మాటేమిటి? 77కూ 78కీ తేడా ఒక్క డిగ్రీ. మా ఉష్ణమాపకాలతో దాన్ని నమ్మకంగా తేల్చలేము. కనుక రెండు చుక్కలు నీళ్ళలో వేశాము. కార్బన్ టెట్రాక్లోరైడు అయితే కలవకుండా అడుగుకు దిగాలి. మా చుక్కలు నీళ్ళలో కలిసిపోయాయి. ఇక మిగిలినది ఇథైల్ ఆల్కహాలు ఒక్కటే. ఆ పిల్ల అంకె అక్షరాలా సరైనది. ఆరుగురు వ్రాసిన పేరు సరైనదే కాని, వాళ్ళు వ్రాసిన అంకెను ఆ గదిలో ఎవరూ చూడలేదు.

(స్పిరిటు ఇట్టే అంటుకుంటుంది. ఈ ప్రయోగం ఇంట్లో చేయకండి. బడిలో, మాస్టారు దగ్గర ఉండగానే చేయాలి.)

ఆమె నోటుబుక్కులో నా ఎర్రసిరా గీతను నేనే కొట్టివేసి, కింద సంతకం చేశాను. సీసాకు కొత్త చీటీ వ్రాయమని ఆమెకే చెప్పాను. ముత్యాలలాటి అక్షరాలతో వ్రాసింది: "ఇథైల్ ఆల్కహాలు. మరుగు స్థానం 78. ఇక్కడ 75½." బంకతో అంటించి, చెమ్మకు మళ్ళీ ఊడకుండా పైన కొవ్వొత్తి మైనం రుద్దింది.