సోదా ముగిసిన పిమ్మట

పోలీసులు ఇల్లు సోదాచేసి కాగితములను, సెల్‌ఫోనును, రొక్కమును జప్తుచేసికొని పోయిన పిమ్మట గృహస్థుడు సాధారణముగా రెండు దారులలో నొకదానిని పట్టును. భయపడి మిన్నకుండుట యొకటి. సోదా అక్రమమని తేలిన కేసంతయు దానంతటదే కొట్టుపడునని ధీమాతో కూర్చుండుట రెండవది. ఈ రెండును నష్టకరములే.

రెండవదానిని గూర్చి మొదట చెప్పవలసి యున్నది. సోదా అక్రమమైనంత మాత్రమున అందు దొరకిన సాక్ష్యము త్రోసివేయదగినది కాదని సుప్రీంకోర్టు 1973 డిసెంబరులో పూరన్‌మల్ కేసున తీర్పు చెప్పినది. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిరి. అయినను పాతసూత్రము తొలగిపోలేదు. కావున సోదాలోని లోపము సాక్ష్యముయొక్క విలువను తగ్గింపవచ్చును గాని, దానిని తుడిచివేయునని నమ్మరాదు.

అట్లయిన గృహస్థుడు నిరాయుధుడా? ఎంతమాత్రమును గాడు. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షా సంహితయే అతని ఆయుధము. వారంటు లేని సోదాకు పోలీసు అధికారి కారణములను ముందుగా వ్రాసియుంచవలెననియు, ఆ వ్రాత నకలును 48 గంటలలోపల మేజిస్ట్రేటునకు పంపవలెననియు 185వ సెక్షను విధించుచున్నది. ఆ ప్రాంతపువారైన ఇద్దరు మధ్యవర్తులు సాక్షులుగా నుండవలెననియు, జప్తుచేసిన వస్తువుల జాబితా నకలును గృహస్థునకు ఈయవలెననియు 103వ సెక్షను చెప్పుచున్నది. సోదానంతయు వీడియో తీయవలెనని 105వ సెక్షను.

ఇక కర్తవ్యము స్పష్టము. సోదావేళ చేయి చేసికొనరాదు. దానివలన కొత్త కేసు పుట్టును. జాబితా నకలు కోరవలెను. ఈయకున్న, ఎవరు ఎన్నిగంటలకు వచ్చిరో, ఏమేమి గొనిపోయిరో, మధ్యవర్తులెవరో ఆ దినముననే వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటునకును, మేజిస్ట్రేటునకును రిజిస్టరు తపాలాలో పంపవలెను. కారణముల నకలుకై మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టవలెను. అది ఉచితముగా లభించును. వస్తువులను విడిపించుకొనుటకు 497, 503 సెక్షనులు కలవు. హక్కునకు భంగము కలిగినచో రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు నాశ్రయింపవచ్చును. ఖర్చు భరింపలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేక అచ్చట ఉచిత సహాయము కలదు.

కాలహరణము మాత్రము తగదు. మొదటివారమున వ్రాసిన కాగితమునకుగల బలము, ఏడాది గడచిన పిమ్మట విచారణలో చెప్పిన మాటకు రాదు. సాక్ష్యమును త్రోసివేయని న్యాయస్థానము, అక్రమమును నిరూపించు భారమును మనపైననే యుంచినది. ఆ భారమును మోయువారు లేకున్న సెక్షనులన్నియు పుస్తకములోనే యుండును. సోదాలు మాత్రము ఇండ్లలో సాగుచుండును. ప్రతి పఠనమందిరమును ఈ మూడు సెక్షనుల తెలుగు ప్రతిని గోడకు తగిలించిన, అదియే మంచి ఆరంభము.