డి డ్రైవ్‌లో దాచాం కదా, ఇంకేం భయం?

ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో వడియాలు, ఊరగాయల సందేహాలతోపాటు కంప్యూటర్ గురించి అడిగేవీ ఎక్కువవుతున్నాయి. అందరి బాధా ఇంచుమించు ఒకటే. "పిల్లల ఫొటోలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. ఈమధ్య అది టక్ టక్‌మని చప్పుడు చేస్తోంది. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం, తీరా తెరిచి చూస్తే అందులో ఏమీ లేదు. ఏం చెయ్యాలి?" అని. నేనేమీ ఇంజనీర్ని కాను, ఇంటర్‌తో చదువాపినదాన్ని. అయినా ఇంట్లో కంప్యూటర్ని చూసుకునేది నేనే కాబట్టి నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు మనలో చాలామందికి ఉన్న ఒక అపోహ సంగతి. కంప్యూటర్ కొన్నప్పుడు షాపు అబ్బాయి దాన్ని సి, డి, ఇ అని భాగాలు చేసి ఇస్తాడు. "ముఖ్యమైనవి డి లో పెట్టుకోండమ్మా, సి పాడైనా డి లోవి పోవు" అంటాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. విండోస్ చెడిపోయి మళ్లీ ఎక్కించాల్సి వస్తే సి లోవి పోతాయి, డి లోవి మిగులుతాయి. కానీ చాలా ఇళ్లల్లో సి, డి, ఇ అనేవి వేరువేరు డిస్కులు కావు. ఒకే బీరువాలో మూడు అరలు. బీరువానే ఎవడో ఎత్తుకుపోతే పై అరలో దాచిన గొలుసూ పోతుంది, కింది అరలో దాచిన గాజులూ పోతాయి. సి లోంచి డి లోకి కాపీ చేసి బ్యాకప్ అనుకోవడం అలాంటిదే.

మీ ఇంట్లో సంగతేమిటో చూసుకోవడం తేలిక. స్టార్ట్ గుర్తు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే వచ్చే పట్టికలో డిస్క్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. అది తెరిస్తే కింద వరసగా పెట్టెలు కనిపిస్తాయి. డిస్క్ 0 అని ఉన్న వరసలోనే సి, డి రెండూ ఉంటే అవి ఒకే బీరువా అన్నమాట. ఆ తెరలో చూసి మూసెయ్యండి, అక్కడ ఇంకేమీ నొక్కకండి.

అసలు హార్డ్ డిస్క్ చప్పుడెందుకు చేస్తుందంటారా? లోపల అద్దంలా మెరిసే పళ్లేలుంటాయి. అవి నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో గిర్రున తిరుగుతుంటాయి. వాటిపైన చదివే ముల్లు లాంటిది తగిలీ తగలనట్టు తేలుతుంటుంది. మధ్యలో ఉండే సందు వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. (1956లో ఐబీఎం వాళ్లు తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్‌లో 2 అడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవట. అన్నీ కలిపి దాచేది 5 మెగాబైట్లు! ఇవాళ మన ఫోన్లో తీసే ఒకటి రెండు ఫొటోలకి సరిపోయేంత.) ఇంత సున్నితమైన వస్తువు కింద పడినా, తిరుగుతుండగా టక్కున కరెంటు పోతూ వస్తూ ఉన్నా, ఏమీ కాకుండా వయసు మీదపడినా అరగక మానదు. మన మిక్సీ లాగే.

అది అరుగుతోందని తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒక ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పట్టడం, కాపీ చేస్తుంటే మధ్యలో ఆగి 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అని ఎర్రర్ రావడం, నిన్న బాగున్న ఫొటో ఇవాళ సగం బూడిదరంగుగా కనిపించడం. క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్ని అది చదివి చూపిస్తుంది. నీలంలో 'గుడ్' అని ఉంటే ప్రస్తుతానికి ఫరవాలేదు. పసుపులో 'కాషన్' అని వస్తే మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి. నీలం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండమనీ కాదు. ఏ గుర్తూ చూపించకుండా పోయేవీ ఉన్నాయి.

ఇక్కడే చాలామంది తడబడతారు. డిస్క్ నెమ్మదించగానే "చెక్ డిస్క్ నడిపిద్దాం, బాగవుతుంది" అంటారు. బాగుచేయడం తర్వాత సంగతి, ముందు కాపీ. చెక్ డిస్క్ మొదలుపెడితే డిస్కునంతా గంటల తరబడి పరుగు పెట్టిస్తుంది. జ్వరంతో ఉన్నవాళ్లని కొండ ఎక్కించినట్టే. డిస్క్ ఇంకా చదువుతున్నంతసేపూ మీకు ఏవి పోతే మళ్లీ రావో అవి ముందు బయటకి తీసుకోండి. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్లు ఎక్కడైనా మళ్లీ దొరుకుతాయి.

మా పై వాటాలో ఉండే ఆవిడ ఆ విషయంలో గట్టి మనిషి. వాళ్ల కంప్యూటర్ మొరాయించినప్పుడు బాగుచేసే అబ్బాయి వచ్చి, "ఫార్మాట్ చేసేస్తే అయిపోతుందాంటీ, అరగంట పని" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మనవడి అన్నప్రాశన వీడియోలో వాళ్లాయన గొంతుంది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆయన పోయారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. "ముందు ఆ ఒక్క ఫైలూ నా చేతిలో పెట్టు నాయనా, తర్వాత నీ ఇష్టం వచ్చింది చేసుకో" అని కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంది. పెన్ డ్రైవ్‌లోకి ఆ ఫైలు వచ్చింది. మిగతా ఫొటోల్లో సగం వచ్చాక డిస్క్ పూర్తిగా ఆగిపోయింది. అన్నీ కలిపి ఒకేసారి కాపీ పెట్టి ఉంటే ఆ వీడియో ఏ సగంలో పడేదో ఎవరు చెప్పగలరు?

'యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్' అని కంప్యూటరే అడిగినా క్యాన్సిల్ నొక్కండి. టక్ టక్ చప్పుడు ఆగకుండా వస్తుంటే ఇంట్లో ప్రయోగాలు మాని, వెంటనే ఆపేసి ప్లగ్ తీసెయ్యండి. తిరిగినకొద్దీ ఆ ముల్లు పళ్లేన్ని గీకుతూనే ఉండొచ్చు. డేటా రికవరీ చేసేవాళ్లు దుమ్ము లేని గదిలో దాన్ని విప్పి చూస్తారు. వేలల్లో ఖర్చవుతుంది, అప్పుడైనా వస్తాయని గ్యారంటీ లేదు. హార్డ్ డిస్కుని కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెడితే బాగవుతుందని ఒక చిట్కా చాలాకాలంగా తిరుగుతోంది. దయచేసి ఆ పని చెయ్యకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గిన్నెకి చెమట పట్టడం చూడలేదూ? డిస్క్ లోపల కూడా అలాగే నీరు చేరుతుంది.

ఇక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సంగతి. విండోస్‌లోనే ఫైల్ హిస్టరీ అని ఒకటి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ అండ్ సెక్యూరిటీ కింద కనిపిస్తుంది. బయట ఒక హార్డ్ డిస్క్ తగిలించి దీన్ని ఆన్ చేస్తే, మార్చిన ఫైళ్లని గంటకోసారి కాపీ చేస్తుంది. ఆన్ చేశాం కదా అని మర్చిపోతాం, అదీ చిక్కు. చివరిసారి ఎప్పుడు కాపీ అయ్యిందో తేదీ ఆ తెర మీదే ఉంటుంది. పోయిన దీపావళి తేదీ కనిపిస్తే ఏదో జరిగిందన్నమాట.

ఎక్కువగా జరిగేవి ఇవీ. 'రీకనెక్ట్ యువర్ డ్రైవ్' అని వస్తే ముందు కేబుల్ మార్చి చూడండి. కేబినెట్ ముందువైపు ఉండే యూఎస్‌బీకి కాకుండా వెనకవైపు దానికి తగిలించండి. చిన్న హార్డ్ డిస్కులు కరెంటు కూడా ఆ వైరులోంచే తీసుకుంటాయి. ముందు రంధ్రాలకీ హబ్బులకీ ఒక్కోసారి ఆ శక్తి చాలదు. కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు డిస్కుని ఎఫ్, జి అనే అక్షరంతో గుర్తుపెట్టుకుంటాయి. పిల్లలు పెన్ డ్రైవ్ పెట్టి ఉండగా మనం డిస్క్ తగిలిస్తే దాని అక్షరం మారిపోతుంది, సాఫ్ట్‌వేర్ "మా ఇల్లు ఎక్కడుంది?" అని వెతుక్కుంటూ ఆగిపోతుంది. తెలిసినవాళ్ల చేత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్ లాంటి చివరి అక్షరం ఇప్పిస్తే ఈ గొడవుండదు.

డిస్క్ నిండిపోవడం ఇంకొకటి. ఫైల్ హిస్టరీ పాత కాపీలన్నిటినీ ఎప్పటికీ ఉంచేలా మొదట్లో ఉంటుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఏడాదికి తగ్గించవచ్చు. ఫొటోలన్నీ వెళ్లి పెళ్లి వీడియో ఒక్కటీ వెళ్లనని మొండికేస్తే, ఆ డిస్క్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉందేమో చూడండి. 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎన్‌టీఎఫ్‌ఎస్ కింద మార్చాలంటే ఫార్మాట్ చేస్తారు, కాబట్టి దానిలోవి ముందు వేరేచోటికి తియ్యాలి.

మళ్లీ మన డి డ్రైవ్ దగ్గరికే వస్తున్నాను. ఫైల్ హిస్టరీ తనంతట తాను డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాటినే కాపీ చేస్తుంది. మీరు జాగ్రత్తపడి డి లో 'అమ్మాయి పెళ్లి' అని పెట్టుకున్న ఫోల్డర్ జోలికి పోదు! దాని మీద కుడి బటన్ నొక్కి 'ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ' అని చేరిస్తేనే అదీ వెళ్తుంది. బ్యాకప్ తెరిచి చూస్తే ఏమీ లేదని రాసినవాళ్లు ముందు ఇదే చూసుకోండి.

వన్ డ్రైవ్, గూగుల్ లాంటి చోట్ల ఉన్నాయి కదా అనేవాళ్లకి ఒక మాట. వన్ డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, గూగుల్‌లో మెయిల్‌తో సహా 15 జీబీ. నిండితే ఆగిపోతుంది. పైగా కంప్యూటర్‌తో కలిపి ఉంచితే ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆలోపు చూసుకోవాలి.

పీటర్ క్రో అనే అమెరికా ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. మొత్తం 3 కాపీలు, 2 రకాల వస్తువుల మీద, అందులో 1 ఇంటి బయట. మనకిది కొత్తేమీ కాదు. ఆవకాయ పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కించి, వాడకానికి చిన్న జాడీలోకి తీసుకుంటాం. అక్కకో చెల్లికో ఒక సీసా పంపుతాం. కాపీ అయ్యాక బయటి డిస్కుని 'సేఫ్‌లీ రిమూవ్' కొట్టి ఊడదీసి బీరువాలో పెట్టండి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లలోని ఫైళ్లకి తాళాలేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లనీ వదల్లేదు. అలాంటివి తగిలించి ఉంచిన డిస్కునీ పట్టుకుంటాయి. ఊడదీసినదాన్ని ముట్టుకోలేవు.

ఎప్పుడు చెయ్యాలంటే, నేనైతే గ్యాస్ బుక్ చేసిన రోజునే చేస్తాను. రెండూ కలిసి గుర్తుంటాయి. కాపీ అయ్యాక డిస్కులోంచి ఒక ఫొటో, ఒక వీడియో తెరిచి చివరిదాకా చూడండి. తెరుచుకోని బ్యాకప్ లెక్కలోకి రాదు. తర్వాత డిస్క్ మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఆ రోజు తేదీ రాయండి. పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది, మార్కర్ వాడండి.